ఉత్తుత్తి స్విచ్

"ఏమండీ, ఆ పెట్టె కాసేపు ఆగితే కొంపలేమైనా మునుగుతాయా?" టీ గ్లాసు కీబోర్డు పక్కన పెడుతూ అడిగింది భార్య.

"కొంపలా? అది ఉత్తుత్తి స్విచ్. ఆగినా, కాలినా ఎవడికీ ఏమీ కాదు."

ఆమె తేలిగ్గా ఊపిరి వదిలింది. రాత్రంతా ఐసీయూ బయట మామగారి కోసం కూర్చుని, తెల్లవారాక ఇల్లు చేరిన మనిషి. పడుకుని లేచినా కళ్ల ఎరుపు పోలేదు.

అతను అదే ఆస్పత్రి డేటా సెంటర్‌లో నెట్‌వర్క్ చూస్తాడు. అక్కడ కంప్యూటర్ల మధ్య కబుర్లు మళ్లించే పెద్ద స్విచ్‌కి అచ్చమైన నకలు, ఉత్త సాఫ్ట్‌వేర్, అతని పడకగదిలోని పాత సర్వర్‌లో నడుస్తుంది. దాని ఫ్యాను రోడ్డు రోలరులా రొద పెడుతుంది. చేయి తిరగాలని నకలుకీ అసలు పేరే పెట్టుకున్నాడు. అక్కడ ఏం మార్చాలన్నా ముందు ఇంట్లో చెడగొట్టి చూడటం అతని పద్ధతి.

హాల్లో, అతని తెర మీద ఒకే పేరుతో రెండు విండోలు, ఇంటి నకలుదొకటి, ఆస్పత్రి అసలుదొకటి. వాటిలో ఒకటి పొద్దుటి నుంచి ఉలకదు, పలకదు. ఆస్పత్రి లైను మళ్లీ తెగిందనుకుని, పలికేదాంట్లో పని మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఐసీయూ మంచాల నుంచి నర్సుల గదికి కబురు వెళ్లే దారి మూసేస్తున్నా."

"అయ్యో, మామయ్యగారు అక్కడే కదండీ!"

"పిచ్చిదానా, ఇది ఆటే. రెండో దారి అందుకుంటుందో లేదో చూద్దామని."

అందుకోలేదు.

"చూశావా? అక్కడ చేసుంటే నా ఉద్యోగం ఊడేది."

"మరి తెరిచెయ్యండి."

"టీ చల్లారిపోతుంది, తాగనీ."

అతను తీరిగ్గా తాగాడు. గ్లాసు అడుగున చక్కెర మిగిలితే వేలితో తీసుకుని నాకాడు. అప్పుడు ఫోను మోగింది. తమ్ముడు.

"అన్నయ్యా... నాన్న పోయారు. గుండె తడబడుతుంటే నర్సుకి కబురే అందలేదట. తెర నల్లబడి ఉందట. ఆయా చూసి కేకేసేసరికే..."

అతను కుర్చీ తన్నేసి లేచాడు.

"ఏ వెధవ ముట్టుకున్నాడు ఆ స్విచ్‌ని? నేనే ఇంటి పెట్టెలో చూడందే చెయ్యి పెట్టనే! వాణ్ని వదలను!"

భార్య ఆ మూగ విండో వంక చూసింది.

"నిద్ర పట్టక, పొద్దున్నే మన పెట్టె ఆపేశానండీ."