పదకొండు గంటల పాఠం

రోజూ పదకొండింటికి, లెక్కల పాఠం మొదలవగానే, ఆదిలాబాద్ బళ్లన్నింటిలో టీవీలు ఆగిపోయేవి.

ఆ పాఠాలు పంపే కరీంనగర్ కేంద్రంలో ఇంజనీరు శ్రీహరికి మూడు వారాలకు తప్పు దొరికింది. కట్టేయగానే ఉట్నూర్ హాస్టల్ టీవీ ఒక్కటి "వద్దు" అంటే చాలు, పాఠాన్ని పంచే కేంద్రం రూటరు అందరికీ ఆపేస్తోంది. ఆ మాట మిగతా బళ్లకు వినబడదు కనుక "మాకు కావాలి" అనలేవు.

సరిచేసి, హాస్టల్ వంటమనిషి గంగుబాయికి ఫోన్ చేశాడు.

"రోజూ గప్పుడే టీవీ ఎందుకు బంద్ చేస్తవమ్మా?"

"పిల్లలు బడికి పోతరు, నేనొక్కదాన్నే ఉంట. గా పాఠం చెప్పేది నా బిడ్డ, సారూ. రికార్డు చేసిన నెలకే పానం పోయింది. మొఖం సూడలేక బంద్ చేస్త."

"ఇగ ఫికర్ లేదమ్మా. నువ్వు బంద్ చేసినా అందరికి వస్తది."



"అయితే గిన్ని దినాలు నా బిడ్డ నోరు అందరి కాడ నేనే మూసిన్నా, సారూ?"