వెనక బెంచీ సి.ఐ.డి.

రాజనీతి శాస్త్రం క్లాసుకు ఒక కొత్త మనిషి వచ్చి కూర్చున్నాడు.

అది వింతే. ఆ క్లాసుకు పాతవాళ్లే వచ్చేవారు కాదు.

నాంపల్లి స్టేషన్ రోడ్డులో, ఒక పాత మేడ మీద నడిచే యూనివర్సిటీ సాయంకాలపు శాఖ అది. రాజులు పోయారు, నీతి సంగతి సరేసరి, శాస్త్రం ఒక్కటే మిగిలింది. పగలు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు సాయంత్రం ఎం.ఏ. చదవడానికని చేరి, ఆబిడ్స్‌లో సినిమాలు చదివి ఇంటికి పోయేవారు.

ఎమర్జెన్సీ వచ్చిన ఏడాది అది. ఎవరి మర్జీ వారి చేతిలో లేని రోజులు.

కొత్త మనిషికి యాభై దాటాయి. తెల్ల పైజామా, నల్ల కోటు, చేతిలో గొడుగు. పుస్తకం లేదు, పెన్ను లేదు. వెనక బెంచీలో కూర్చుని, పాఠం చెప్పే రీడరు లక్ష్మణరావు ముఖం వైపే చూస్తూ వినేవాడు.

లక్ష్మణరావుకు ప్రొఫెసర్ పదవి అందీ అందని ఎత్తులో ఉంది. పైన ఫైలు కదులుతోంది. పోలీసుల నుంచి ఒక్క చెడ్డ మాట వెళితే చాలు, పదవి పోవడం అటుంచి, ఆయనే లోపలికి పోయే కాలం.

లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ చదువుకునే ఎర్నెస్ట్ ఆయనను మెట్ల మీద ఆపాడు.

“సార్, గాయన మల్ల వచ్చిండు. ఒక్క ముక్క రాసుకుంటలేడు. గట్లనే ఇనుకుంట కూసుంటుండు.”

“పరీక్ష లేకుండ పొలిటికల్ సైన్స్ ఇనేటోడు దేశంల ఒక్కడే ఉంటడు, ఎర్నెస్ట్. వానికి జీతం సర్కారిస్తది.”

ఆనాటి నుంచి పాఠం మారింది.

ఇదివరకు లక్ష్మణరావు రంగు మారిన నోట్సు చదువుతూ, మధ్య మధ్య మంత్రుల మీద జోకులు వేస్తూ గంట గడిపేవాడు. ఇప్పుడు జోకులకు సెలవు. పగలంతా లైబ్రరీలో కూర్చుని, సాయంత్రం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, కామాలతో సహా చెప్పసాగాడు. పుస్తకం అన్న మాటకు పుస్తకాన్నే పట్టుకుపోవాలి కదా అని ఆయన ధీమా.

విద్యార్థులు కూడా మానడం మానేశారు. రానివాళ్ల పేర్లు పైకి పోతున్నాయని పుకారు. హాజరు పెరిగింది, దాని పక్కనే బేజారూ పెరిగింది.

ఒకరోజు లక్ష్మణరావు ధైర్యం చేసి, తమరు ఎందుకు వస్తున్నారని ఆ మనిషినే అడిగాడు.

“మీరు చెప్తే మంచిగ సమజైతది సార్. గందుకే.”

ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ మాట అన్నవాడు లేడు. దాంతో లక్ష్మణరావుకు అనుమానం పూర్తిగా పోయింది. ఇతడు సి.ఐ.డి.యే.

మరునాడు ఆ మనిషి క్లాసులో లేచి నిలబడ్డాడు.

“నిన్న హైకోర్టు అధికారాలు జర జల్ది చెప్పిన్రు సార్. మల్లొక్కపారి చెప్తరా?”

లక్ష్మణరావు వెంటనే చేతులు జోడించాడు. హైకోర్టును తాను ఏమీ అనలేదని, అన్నదంతా రాజ్యాంగమేనని విన్నవించుకుని, పాఠం మొదటి నుంచీ మళ్లీ చెప్పాడు.

లెక్చరర్ ప్రభావతి ఇంకో కబురు తెచ్చింది. మెట్లు దిగుతూ ఆ మనిషి పెదవులు కదుపుతున్నాడట. వెనకే వెళ్లి చెవి పెడితే, లక్ష్మణరావు చెప్పిన వాక్యాలే, వరసగా.

“రిపోర్టు బట్టీ పడుతున్నడు సార్,” అన్నదామె.

లక్ష్మణరావు ఆ వారం మీసం తీసేశాడు. ఎందుకో ఆయనకే తెలియదు.

పరీక్షలు దగ్గరికి వచ్చాయి. పాఠాలు అయిపోయాయి. ఆ మనిషి రావడం మానేశాడు. శాఖ మొత్తం ఒకేసారి ఊపిరి వదిలింది.

ఫలితాలు చూసి యూనివర్సిటీ కళ్లు నులుముకుంది. ఫస్టు క్లాసు అంటే రైల్లోనే ఉంటుందనుకునే శాఖలో ఫస్టు క్లాసుల మీద ఫస్టు క్లాసులు. ఎర్నెస్ట్‌కు రెండో ర్యాంకు. లక్ష్మణరావుకు ప్రొఫెసర్ పదవి. మొదటి ర్యాంకు మాత్రం ఎవరో కిషన్‌కు వచ్చిందట, ప్రైవేటుగా ఫీజు కట్టి రాసినవాడు. శాఖలో అతణ్ని ఎవరూ చూసి ఎరుగరు.

ర్యాంకర్లకూ, కొత్త ప్రొఫెసరుకూ కలిపి ఆబిడ్స్‌లో ఒక హాల్లో సన్మానం ఏర్పాటైంది. శాలువాలు వచ్చాయి. దండలు వచ్చాయి. గుమ్మం దగ్గరికి గొడుగు కూడా వచ్చింది.

స్టేజీ మీది నుంచి లక్ష్మణరావు దాన్ని చూశాడు. సన్మానం మధ్యలో మళ్లీ ఈ అనుమానం ఎందుకని, ఆ మనిషిని బయటినుంచే పంపించమని ఎర్నెస్ట్‌ను తరిమాడు.

“లోపల జాగ లేదు సాబ్.”

“నన్ను రమ్మన్నరు బిడ్డా.”

“ఎవలు?”

“ఆఫీసోళ్లు.”

ఏ ఆఫీసో ఎర్నెస్ట్ అడగలేదు. పని ఏదైనా ఉంటే ఆ ఆఫీసులోనే చూసుకొమ్మని, చదువుకున్నవాళ్ల వెంట ఇంకా పడవద్దని, కాస్త గట్టిగానే చెప్పాడు.

ఆ మనిషి గొడుగు చంకలో పెట్టుకున్నాడు. తలుపు సందులోంచి ఒకసారి స్టేజీ వైపు చూశాడు. తరువాత ఎండలో నాంపల్లి వైపు నడిచిపోయాడు.

లోపల పరీక్షల విభాగం అధికారి మైకు ముందు నిలబడి మొదటి ర్యాంకు పేరు చదివాడు. కిషన్.

ఎవరూ లేవలేదు.

మళ్లీ చదివాడు. చప్పట్లకు సిద్ధమైన చేతులు ఒళ్లోకి దిగిపోయాయి.

లక్ష్మణరావు ఆయన చెవి దగ్గరికి వంగి, ఇంత తెలివిగల పిల్లవాడికి సభకు వచ్చే మర్యాద తెలియదా అని అడిగాడు.

అధికారి మైకుకు చెయ్యి అడ్డం పెట్టి గొంతు తగ్గించాడు.

“పిల్లగాడు ఎట్లొస్తడు సార్, ఎమర్జెన్సీల పట్టుకపోతే ఏడాది నుంచి జైల్లనే ఉన్నడు, పరీక్ష గూడ ఆడనే రాసిండు, మెడల్ తీసుకోనికి వాళ్ల నాయనను రమ్మన్నం, దినాం మీ క్లాసుల వెనక కూసొని ఇని, ములాఖత్‌కు పోయినప్పుడల్ల కాయితాలు లోపలికి పోనియ్యరని కొడుక్కు నోటితోని అప్పజెప్పి చదివిచ్చింది గాయననే.”