గడియ

"ఇంతకీ ఇందులో ఆడేవాళ్లెక్కడే?" అంది అమ్మ, మిషను తొక్కడం ఆపి.

గుడ్డలు కత్తిరించే బల్లనిండా కూతురు స్టేడియం ప్లాను పరిచింది. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ రెండో ఏడాది ప్రాజెక్టు అది. రేపే కాలేజీలో ఇవ్వాలి.

"వస్తారులే. ఇది పార్కింగు, ఇది టికెట్ కౌంటరు, ఇది పెద్దమనుషులు కూర్చునే చోటు."

"బాగుంది. బస్సు కోసం నాలుగడుగులు పరిగెత్తలేనిదానివి, పరుగు పందేలు నడిపిస్తావన్నమాట."

"నీలా అందరూ గాల్లో తేలిపోతారా? అయినా పెద్ద పోటీల ముందు పరుగు మానేసింది ఎవరో."

"కాలు బెణికిందని చెప్పానుగా."

ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న మాటే. బెణికింది ఏ కాలో కూతురు ఎప్పుడూ అడగలేదు.

మెడలో టేపుతోనే అమ్మ లేచి వచ్చి ప్లాను మీదికి వంగింది.

"ఆడపిల్లలు బట్టలు మార్చుకునేదెక్కడ?"

"ఇదిగో, ఈ గదిలో. షవర్లు కూడా పెట్టాను."

"లోపల గడియ ఉందా?"

కూతురు నవ్వేసింది. "ప్లానులో గడియలెవరూ గీయరమ్మా."

"అవును," అంది అమ్మ, మళ్లీ మిషను ముందు కూర్చుంటూ. "మా గ్రౌండులో గదికీ ఎవరూ గీయలేదు."

మిషను మొదలైంది. అమ్మ కాళ్లు రెండూ ఒకే జోరుగా తొక్కుతున్నాయి. కూతురు వాటినే చూస్తూ కూర్చుంది. తర్వాత పెన్సిలు అందుకుని, ఆ గది తలుపుకు లోపలివైపు చిన్న గడియ గీసింది.

అమ్మ కుట్టు మీంచి తల ఎత్తలేదు.

"కాస్త పెద్దగా గియ్యవే. మీ సార్లకి కనబడొద్దూ?"