ఉమ్మెత్త వేరు

“ఆ ఉమ్మెత్తను వేళ్లతో సహా పీకెయ్ తాతా. దాని ముళ్లకాయలు మా చిన్నోడికి గుచ్చుకుంటాయి,” అని కొడుకును పూడ్చిన దిబ్బ చూపిస్తూ బతిమాలింది ఆ తల్లి. శ్మశానంలో కలుపు తీసే తాత, తవ్వడానికి బద్ధకించి, కొడవలితో పైపైన కోసేసి “పీకేశానమ్మా” అన్నాడు. ఆమె దండం పెట్టింది.

వానలకు మొక్క మళ్లీ లేచింది. రేపు ఆమె వస్తుంది. ఏ మొహం పెట్టుకుని ఎదురుపడాలో తెలియక, తాత రాత్రికి రాత్రే లాంతరు పట్టుకుని వెళ్లాడు.

చిన్న మట్టిదిబ్బ మీద తెల్లటి పువ్వులు విచ్చుకున్నాయి. కీచురాళ్ల చప్పుడు కూడా లేదు. మొక్క మొదలు పట్టుకుని లాగాడు. కదల్లేదు. మళ్లీ లాగితే వేరు తేలిగ్గా పైకొచ్చింది. తాత చెయ్యి తీసేశాక కూడా వస్తూనే ఉంది, కింద నుంచి ఎవరో నెడుతున్నట్టు.

సిగ్గుతో తల దించుకోబోయి, తాత ఆగిపోయాడు.

కింద చిన్నోడున్నాడు.