పదమూడు ప్రయాణాలు

"పదమూడే ఇవ్వండి," అన్నాడు క్లైవ్.

డాక్టర్ హార్‌గ్రీవ్ ఓపిగ్గా మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఊపిరితిత్తిలో గడ్డ ఆపరేషన్‌కు లొంగేది కాదు. రేడియేషన్ ఇస్తే దగ్గు, ఆయాసం తగ్గుతాయి. వారం తేడాతో రెండు పెద్ద మోతాదులు ఇచ్చినా, రోజుకొకటి చొప్పున పదమూడు చిన్నవి ఇచ్చినా ఉపశమనం దాదాపు ఒకటే. పదమూడైతే ఆయుష్షు కొద్దిగా పెరగొచ్చు, గొంతు మంట మాత్రం ఎక్కువ. పైగా ఊరి నుంచి బాలరాట్ పట్నంలోని ఆసుపత్రికి రానూ పోనూ నాలుగు గంటలు.

"రెండుసార్లతో అయ్యేదానికి పదమూడేంటి నాన్నా?" అంది కూతురు జనీన్.

"దారి బాగుంటుంది."

అసలు కారణం దారి కాదు, డ్రైవరు. రోగులను ఉచితంగా తీసుకెళ్లే సంఘం కారును ఆ ఊళ్లో నడిపేది, క్లైవ్‌కు తెలిసినంతలో, అతని తమ్ముడు నెవిల్ ఒక్కడే. ముప్పై ఒక్కేళ్ల కిందట ఊరి ఫుట్‌బాల్ ఫైనల్లో, క్లైవ్ ఆఖరి నిమిషంలో తన్నిన బంతి స్తంభానికి తగిలిందంటూ గోల్ అంపైర్‌గా ఉన్న నెవిల్ గోల్ ఇవ్వలేదు. వాళ్లాడే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో స్తంభాన్ని తాకిన బంతి లోపలికి వెళ్లినా గోల్ కాదు. కప్పు పోయింది, మాటలూ పోయాయి. ఇంట్లో నెవిల్ పేరెత్తితే క్లైవ్ లేచి వెళ్లిపోయేవాడు, అందుకని ఎవరూ ఎత్తేవారు కాదు. ఇప్పుడు తమ్ముడితో మాట్లాడకుండా పోవడం అతనికి ఇష్టం లేదు. రెండు ప్రయాణాల్లో ఆ మొండివాడు నోరు విప్పడు. పదమూడైతే ఎక్కడికి తప్పించుకుంటాడు?

ఇంటికి రాగానే, కారు సంగతి తను చూసుకుంటానంటూ జనీన్ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లింది.

సోమవారం నెవిల్ వచ్చాడు. "బెల్టు," అన్నాడు, అంతే. ఆసుపత్రి దగ్గర ఎప్పుడో మూసేసిన గేటు ముందుకు తీసుకెళ్లి, గొణుక్కుంటూ వెనక్కి తిప్పాడు. మర్నాడు క్లైవ్ కోటుకు అంటిన కుక్క వెంట్రుకలు దులుపుకుంటూ, సంఘం కారును ఉంచేది ఇలాగేనా అని దెప్పాడు. నెవిల్ రేడియో గట్టిగా పెట్టాడు. ఆరో రోజుకు గోధుమ చేల గురించి పోట్లాడుకునేదాకా వచ్చారు. తొమ్మిదో రోజు క్లైవ్‌కు మింగుడు పడకపోతే, నెవిల్ చల్లార్చిన గుమ్మడికాయ సూపు ఫ్లాస్కులో తెచ్చి, తాగకపోతే ఇక్కడే దించేస్తానన్నాడు. వీణ్ని భలే ఇరికించాను అనుకుని క్లైవ్ లోలోపల మురిసిపోయాడు.

పదమూడో రోజు సాయంత్రం కారు ఇంటి ముందు ఆగింది. ఇద్దరూ దిగలేదు.

"బంతి స్తంభానికి తగిలింది అన్నయ్యా. ఇప్పుడడిగినా అదే చెప్తా."

"తెలుసురా. ఆ చప్పుడు నాకూ వినపడింది."

నెవిల్ స్టీరింగ్ మీద ఒక్కటి చరిచాడు. "ముప్పై ఒక్కేళ్లా, ముసలి గాడిదా?" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. క్లైవ్‌కు దగ్గు రాలేదు.

లోపలికి వస్తూనే క్లైవ్, సంఘం ఆఫీసుకు ఒక జామ్ సీసా పంపమని కూతురికి చెప్పాడు. పదమూడు రోజులూ నెవిల్‌కే డ్యూటీ వేసినందుకు కృతజ్ఞత చెప్పుకోవాలి కదా.

జనీన్ సీసా తీసి, మూత బిగించి, నవ్వింది.

"బాబాయి ఆ కారు నడపడం మానేసి మూడేళ్లయింది నాన్నా."