పస లేని ఆకు

ఉమాశంకర్ మూటలో చేయి పెట్టి గుప్పెడు ఎండుటాకు తీశాడు. నలిపాడు. వాసన చూశాడు. అపశకునం ఎదురైనవాడిలా పెదవి విరిచాడు.

"పస లేదు గోవిందమ్మా. రెండో రకమే."

అది సునాముఖి. విరేచనానికి వైద్యులు వాడే ఆకు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల చిన్న రైతులు ఇన్నాళ్లూ విడివిడిగా అమ్మి మోసపోయి, చివరకు సంఘంగా కూడి, కలిసి పండించి, ఒకే కొట్టంలో నీడన ఆరబెట్టిన తొలి పంట. దీనికి తగిన ధర పలకకపోతే మళ్లీ ఎవరి దారి వారిదే. ఆ సంగతి నంద్యాల నుంచి కొనుగోలుకు వచ్చిన ఉమాశంకర్‌కూ తెలుసు. పస లేదన్న మాట అతడికి పూజకు ముందు ఆచమనం వంటిది. ఏ ఊరి మూట విప్పినా మొదట పలికేది అదే.

"పచ్చగా నిగనిగలాడతాండాది గదన్నా! పస యాడికి పోతాది?" అన్నాడు సంఘంలోని రైతు సైదా సాహెబ్.

"నా ముక్కు అబద్ధం చెప్పదప్పా."

గోవిందమ్మ ఆ సంఘానికి పెద్ద. లోపలికి పోయి పెద్ద గ్లాసు నిండా టీ తెచ్చింది. ఉమాశంకర్ ఆఖరి చుక్క దాకా తాగాడు. గొంతులో ఘాటుగా దిగింది.

"ఒక మాట అన్నా. ఈ ఆకు కాంచుకోని తాగినా ఏం గాదంటావు?"

"ఏమైతాది తల్లీ? గడ్డి తిన్నట్టే."

"అట్లయితే సరే." ఆమె ఖాళీ గ్లాసు వైపు చూసింది. సైదా సాహెబ్ గడ్డం సవరించుకుంటూ కొట్టం కప్పును పరిశీలించసాగాడు.

ఉమాశంకర్ కూడా గ్లాసులోకి చూశాడు. అడుగున ఏదో నలిగిన పీచు.

అతడు మనసులో గంటలు లెక్కపెట్టాడు. ఆ సాయంత్రం ఇంట్లో సత్యనారాయణ వ్రతం. భార్య వాసవి పక్కన పీటల మీద కూర్చున్నాక, అయిదు కథలూ ముగిసే దాకా లేవరాదు. ఆకు తన ప్రతాపం చూపే వేళ సరిగ్గా అదే.

"ఎంత ఏసినావమ్మా?"

"ఏందన్నా?"

"ఆకు! గుప్పెడేసినావా? చిటికెడుకే మనిషి లేవలేడు గదా! ఇంత పదునైన ఆకు నేను ఈ జిల్లాలోనే చూడలే. నన్ను సంపుతావా ఏంది?"

కొట్టంలోని వారందరూ విన్నారు.

"అయితే మొదటి రకమే గదన్నా," అంది గోవిందమ్మ నెమ్మదిగా.

ఉమాశంకర్ రంగు డబ్బా అందుకున్నాడు. మూటల మీద మొదటి రకం గుర్తు తన చేతులతోనే వేసి, బండెక్కి, నంద్యాల దారి పట్టాడు.

ఆ సాయంత్రం పీటల మీద అతడు దేవుణ్ణి కాదు, తన ఉదరాన్ని ధ్యానించాడు. శంఖం ఊదితే ఉలిక్కిపడ్డాడు. కథలు అయ్యాయి. హారతి అయింది. ఏమీ కాలేదు. తెల్లవారింది. అప్పటికీ ఏమీ కాలేదు.

భయం పోయి కోపం వచ్చింది. కోపం వెంటనే ఉత్సాహమూ వచ్చింది. ఫోను తీశాడు.

"గోవిందమ్మా! మీ ఆకు బండారం బయటపడింది. నిన్న తాగితినా, ఇంతవరకూ నా పొట్టలో చలనం లేదు. పస లేదని నేను చెప్పలే? ఆ గుర్తులు చెరిపిస్తాండా!"

"ఎట్లా చలనం వస్తాదన్నా," అంది గోవిందమ్మ, "నీకు పోసింది ఉత్త అల్లం టీనే గదా!"