గరిటె ఎవరి చేతిలో ఉంటే వారే

గరిటె ఎవరి చేతిలో ఉంటే వారే కంప్యూటర్ ప్రోగ్రాం ముట్టుకోవాలి. రెండోవారు చేతులు కట్టుకుని కూర్చోవాలి. అత్తాకోడళ్ళ ఒప్పందం అది.

ప్రోగ్రాములు రాయడం నేర్పే ఆన్‌లైన్ కోర్సు కోడలి పేరు మీద ఉంది. పాసైతేనే, పాప పుట్టినప్పుడు మానేసిన ఉద్యోగం ఆమెకు తిరిగి దక్కుతుంది. లెక్కల టీచరుగా రిటైరైన అత్తగారు మొదట తొంగిచూశారు. ఆపైన కుర్చీ లాక్కున్నారు. ఒక పేరు మీద ఒక్కరే ఉండాలనీ, ఇద్దరున్నారని తెలిస్తే గెంటేస్తామనీ గురువుగారు వారం వారం హెచ్చరిస్తూనే ఉన్నారు.

పాఠం సులువే. ఒకే సమాచారం మీద రెండు పనులు ఒకేసారి చెయ్యి పెడితే కొంప మునుగుతుంది. ఒకటి తాళం వేసుకుంటే రెండోది ఆగాలి. ఆ తాళమే ఈ ఇంట్లో గరిటె.

ముఖం చూపించని ఆ గురువుగారితోనే చిక్కు. పొద్దున "ప్రతి వరుసకీ వివరణ రాయండి, చదివేవాళ్ళకి అర్థం కావద్దూ?" అంటారు. సాయంత్రం "ఈ పురాణమంతా ఎందుకు? తీసెయ్యండి" అంటారు.

"మనం పంపే వేళ మంచిది కాదేమో అత్తయ్యా!"

"వేళకేం తెలుసమ్మాయ్, తాళాల సంగతి? పొద్దున గురువుగారికి కడుపు నిండి ఉంటుంది, సాయంత్రం ఆకలి. ఈసారి మధ్యాహ్నం పంపు, తేలిపోతుంది."

చివరి పరీక్ష వచ్చింది. సినిమా హాల్లో ఒకే సీటు ఇద్దరికి అమ్ముడుపోకుండా చూడాలి. కోడలు కంప్యూటర్ దగ్గర కూర్చుని చక్కగా తాళం పెట్టింది. అదే సమయంలో వంటింట్లో అత్తగారు ఫోన్‌లో పాత ప్రతి తెరిచి, అందులో ఒక్కో అంశానికి పెట్టిన పేర్లు ముచ్చటగా మార్చి, కోడలు రాసినదాని మీదే సేవ్ చేశారు. మధ్యాహ్నం పంపేశాక చూసుకుంటే తాళం ఎగిరిపోయింది.

"గరిటె నా చేతిలోనే ఉందిగా!"

"మీరు కూర కలుపుతున్నారనుకున్నాను అత్తయ్యా!"

తెర మీద గురువుగారి జవాబు మెరిసింది. "పేర్లు ముత్యాల్లా ఉన్నాయి. పాస్."

ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. అవి విడవకముందే రెండో జవాబు వచ్చింది. "తాళం ఏదీ? ఫెయిల్."

కోడలి కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే, గురువుగారి పేరుతోనే, కంగారులో దారి తప్పిన మూడో జవాబు వచ్చిపడింది: "ఏమండీ, టీవీ రిమోట్ నా చేతిలో ఉండగా, నేను పాస్ చేసిన పిల్లని మీరెలా ఫెయిల్ చేస్తారు?"